ఐదు తరగతులకు ఒక్కరే టీచర్: అక్షరాలు వచ్చినా చదవలేని మూడో తరగతి పిల్లలకు సమయం ఎలా కేటాయించాలి?

ప్రశ్న: పాలమూరు టీచర్

అందరికీ నమస్కారం. 2024 డీఎస్సీలో ఎంపికై నారాయణపేట జిల్లాలోని ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) చేరాను. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు కలిపి ముప్పై మందికి లోపే పిల్లలున్నారు. మంజూరైన పోస్టులు రెండే అయినా, రెండో ఉపాధ్యాయుడు డెప్యుటేషన్‌పై వేరే చోటికి వెళ్ళినందువల్ల ప్రస్తుతం ఐదు తరగతులనూ నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను. డీఎడ్ ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పినదంతా ఒక గదిలో ఒకే తరగతి ఉంటుందన్న లెక్కన సాగింది కనుక, ఈ పరిస్థితికి అక్కడి పాఠ్య ప్రణాళికలు అంతగా ఉపయోగపడడం లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మూడో తరగతి పిల్లల సంగతి. వారు వర్ణమాలను, గుణింతాలను రాగయుక్తంగా, తడబాటు లేకుండా అప్పజెబుతారు. అయితే నల్లబల్ల మీద ‘కొడవలి’ అని రాస్తే మొదటి అక్షరం దగ్గరే ఆగి, క, కా, కి, కీ అని పెదవుల కదలికతోనే మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి ‘కొ’ను పట్టుకుంటారు, ‘లి’ దాకా వచ్చేసరికి ముందు చదివినది మరచిపోతారు. లెక్కలలోనూ ఇదే తంతు. 52 లోంచి 27 తీసివేయమంటే చాలామంది 35 అని రాస్తారు. దీనికి తోడు పత్తి ఏరే రోజులలో కొందరు పిల్లలు వారాల తరబడి బడికి రారు, వచ్చాక ఎక్కడ మొదలుపెట్టాలో వారికీ తెలియదు, నాకూ తెలియదు.

ఈ పిల్లల దగ్గర నేను కూర్చుంటే మిగిలిన నాలుగు తరగతులకూ చూచిరాత తప్ప మరొక పని ఇవ్వలేకపోతున్నాను. ఇటువంటి బడులలో పనిచేసినవారు తమ రోజును ఎలా నడిపారో, ముఖ్యంగా తమ దగ్గర లేని పిల్లలకు ఏ పని అప్పగించారో దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, అన్నమయ్య జిల్లా

అమ్మా, నీ ప్రశ్నలోని చివరి వాక్యమే అసలైన ప్రశ్న. ఏకోపాధ్యాయ పాఠశాలలో మంచి బోధన అంటే టీచర్ ఎదుట ఉన్న పిల్లలకు అందేది మాత్రమే కాదు. టీచర్ చూపు పడని పిల్లలు ఆ అరగంటలో ఏమి నేర్చుకున్నారన్నది అంతకంటే ముఖ్యం.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ వారు చుట్టుపక్కల పల్లెలలో నడిపిన చిన్న బడులను నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు వెళ్ళి చూశాను. ఆ పద్ధతే తరువాత తమిళనాడు ప్రభుత్వ బడులకూ చేరింది. అక్కడ పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని ఒక నిచ్చెన మీది మెట్లలా వరుసగా అమర్చి, ఆ నిచ్చెన పటాన్ని గోడకు తగిలిస్తారు. ఏ మెట్టు మీద ఉన్నాడో పిల్లవాడికే తెలుసు కనుక, బడికి రాగానే ఎవరూ చెప్పకుండానే తన కార్డు తాను తీసుకుంటాడు. నెల రోజులు పొలానికి వెళ్ళి వచ్చిన పిల్లవాడు సైతం తాను వదిలిన మెట్టు నుంచే మొదలుపెడతాడు తప్ప, తరగతి ఎంత దూరం పోయిందోనని భయపడడు. నీ పత్తి రోజుల సమస్యకు ఇంతకంటే మంచి పరిష్కారం నాకు కనిపించలేదు.

ఇంకొక సంగతి గమనించు. అక్కడ పిల్లలు తరగతుల వారీగా కాక, చేసే పనిని బట్టి కూర్చుంటారు. టీచర్ సహాయం పూర్తిగా కావలసిన వారు ఒక చోట, కొంత మాత్రమే కావలసిన వారు మరొక చోట, తోటి పిల్లల సహాయం చాలిన వారు ఇంకొక చోట, ఒంటరిగా చేసుకోగలిగిన వారు మరో మూల. కొత్త విషయాన్ని మొదటిసారి వింటున్న గుంపు దగ్గరే టీచర్ కూర్చుంటుంది. మొత్తం పద్ధతిని నువ్వొక్కదానివే రేపటికి తయారు చేయలేవు, చేయనవసరం కూడా లేదు. ఒక్క తెలుగుకు, ఒక్క మూడో తరగతికి కార్డులు రాసి మొదలుపెట్టు. పాత పెళ్ళిపత్రికల వెనుక వైపు చాలు.

ఐదో తరగతి పిల్లలను చిన్న పిల్లలకు టీచర్లుగా కూర్చోబెట్టమని చాలామంది సలహా ఇస్తారు. రోజుకు కొద్దిసేపు, అదీ వంతుల వారీగా అయితే మంచిదే. రోజంతా అదే పని చేయిస్తే ఆ పిల్లల చదువు మనం తీసుకున్నట్లే అవుతుంది కనుక, అందులో హద్దు పాటించడం అవసరం.

జవాబు: తెలుగు చెప్పే టీచర్, ఖమ్మం జిల్లా

మేడమ్ గారూ, మీరు రాసిన ‘కొడవలి’ ఉదాహరణ మా బడికీ అక్షరాలా వర్తిస్తుంది. గుణింతాన్ని ఎప్పుడూ ఒకే వరుసలో, ఒకే రాగంలో నేర్చుకున్న పిల్లలకు ఆ వరుసే గుర్తుంటుంది కాని, అందులోని ఒక్కొక్క గుర్తు విడిగా తెలియదు. అందుచేత నేను వరుసను అడ్డంగా కాక నిలువుగా తీసుకుంటాను. ఒక వారమంతా గుడి మాత్రమే: కి, గి, తి, ని, లి, రి. ‘గిలక’, ‘బడి’, ‘నది’ వంటి పిల్లలు రోజూ మాట్లాడే పదాలు. మరుసటి వారం కొమ్ము. ఇలా చేస్తే పిల్లవాడు ‘క’ను మాత్రమే కాక, గుడిని గుడిగా గుర్తిస్తాడు.

కొన్ని అక్షరాల దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. ‘మి’, ‘యి’లలో గుడి మిగిలిన అక్షరాలలో వలె తలకట్టు స్థానంలో విడిగా కనిపించదు. ‘పు’, ‘వు’లలో కొమ్ము ఉండే చోటు వేరు, ‘వ’కు మామూలుగా కొమ్ము తగిలిస్తే అది ‘మ’లా కనిపిస్తుంది. ‘ప’, ‘వ’, ‘మ’, ‘ష’ల మధ్య తికమకపడే పిల్లలను మనం శ్రద్ధ లేనివారని అనుకుంటాం కాని, ఆ ఆకారాలు నిజంగానే దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటిని ఒకే రోజు నేర్పకుండా, ఒకటి బాగా స్థిరపడిన తరువాతనే రెండోది పరిచయం చేయడం మేలు.

ఒత్తుల కోసం గుణింతాలన్నీ పూర్తయ్యే దాకా ఆగవలసిన పని లేదు. ‘అమ్మ’, ‘అక్క’, ‘అన్న’, ‘కుక్క’, ‘చెట్టు’ అన్న పదాలను పిల్లలు మొదటి తరగతిలోనే బొమ్మలాగా గుర్తుపడతారు. ముందు ఈ ద్విత్వాక్షరాలను, తరువాత సంయుక్తాక్షరాలను తీసుకోండి. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయని చూపిస్తే పిల్లలు వాటిని తామే పట్టుకుంటారు. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపం పూర్తిగా వేరు కనుక, ఆ ఆరింటికి మాత్రం గోడ మీద ఎప్పుడూ కనిపించే పట్టిక ఉండాలి.

సమయం విషయానికి వస్తే, మొదట ప్రతి పిల్లవాడినీ పక్కన కూర్చోబెట్టుకుని రెండు నిమిషాలు చదివించి చూడండి. పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ వాడే మెట్లు చాలు: అక్షరం, పదం, చిన్న పేరా, కథ, వీటిలో ఏదీ రానివారు. తరగతి ఏదైనా సరే, ఒకే మెట్టు మీద ఉన్నవారిని రోజూ గంటసేపు ఒక జట్టుగా కూర్చోబెట్టండి. మీ పిల్లల స్థితి చూసి నిరుత్సాహపడకండి. అసర్ 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడులలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 23.4 శాతం మాత్రమే. 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యమూ, 2022లో మన రాష్ట్రం తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమ లక్ష్యమూ ఈ లోటును పూడ్చడమే కనుక, ఇలా మెట్టును బట్టి జట్లు కట్టడానికి పర్యవేక్షణకు వచ్చే అధికారులు అభ్యంతరం చెబుతారని మీరు భయపడనవసరం లేదు.

పిల్లల సొంత మాటలను కూడా పాఠంగా మార్చండి. ఉదయం ప్రార్థన అయ్యాక ఒక పిల్ల ‘మా బర్రె రాత్రి ఈనింది’ అని చెబితే, ఆ వాక్యాన్ని అలాగే నల్లబల్ల మీద రాయండి. ఆ రోజు ఏమీ రానివారు అందులో ‘బర్రె’ను వెతుకుతారు, పదం స్థాయి వారు వాక్యాన్ని కాగితం మీద రాసుకుని పట్టీలుగా కత్తిరించి తిరిగి పేరుస్తారు, పేరా స్థాయి వారు దూడ గురించి మరో నాలుగు వాక్యాలు రాస్తారు. ఒకే వాక్యం మూడు జట్లకు పని కల్పిస్తుంది.

జవాబు: లెక్కల మాస్టారు, శ్రీకాకుళం జిల్లా

తెలుగు గురించి పెద్దలు చెప్పారు కనుక నేను తీసివేతకే పరిమితమవుతాను. 52 లోంచి 27 తీసివేసి 35 అని రాసిన పిల్లవాడు అజాగ్రత్తగా చేయలేదు. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కనుక, 7 లోంచి 2 తీశాడు. పెద్దదానిలోంచి చిన్నదాన్ని తీయాలని మనం మొదటి తరగతిలో చెప్పిన మాటనే పాటించాడు. అతనికి 52 అనేది ఐదు, రెండు అనే రెండు విడి అంకెలు తప్ప, ఐదు పదులూ రెండు ఒకట్లూ కాదు.

కొబ్బరి ఈనెలు గాని, కందికట్టె పుల్లలు గాని పిల్లలచేతనే ఏరించి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించండి. కట్టలు కట్టే పని టీచర్ చేసి ఇవ్వకూడదు. పదిసార్లు తన చేతితో కట్ట కట్టిన పిల్లవాడికే ఆ కట్టలో పది ఉన్నాయన్న నమ్మకం కలుగుతుంది. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి ఏడు పుల్లలు ఇవ్వమని అడగండి. కాసేపటికి ఎవరో ఒకరు కట్ట విప్పుతారు. అప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు అవుతాయి. ఏడు ఇచ్చాక ఐదు, మరో రెండు కట్టలు ఇచ్చాక రెండు కట్టలు మిగిలి 25 కళ్ళెదుటే కనిపిస్తుంది. చాలా రోజులు పుల్లలతోనే చేయించి, ఆ తరువాత పుల్లల పక్కనే అంకెలు రాయించి, చివరికి అంకెలతో మాత్రమే చేయించండి. తొందరపడి మొదటి దశను కుదిస్తే పిల్లలు పాత పద్ధతికే తిరిగి వెళతారు.

మీరు దగ్గర లేనప్పుడు చేసే పనిగా వామనగుంటలు, అష్టాచెమ్మా చాలా ఉపయోగం. ఆట ముగిశాక ఎవరికి ఎన్ని గింజలు వచ్చాయో, ఎవరికి ఎన్ని ఎక్కువో పలక మీద రాసి చూపాలన్న ఒక్క నియమం పెడితే అది లెక్కల పీరియడే అవుతుంది. ఎక్కాలు కంఠస్థం చేయించడాన్ని ఈ మధ్య కొందరు తప్పుపడుతున్నారు. నేను వారితో ఏకీభవించను. గింజలను వరుసలుగా పేర్చి అర్థం చేసుకున్న తరువాత కంఠస్థం కూడా కావాలి. లేకపోతే నాలుగో తరగతి భాగహారంలో పిల్లలు ప్రతి అడుగులోనూ ఆగిపోతారు.

జవాబు: తండా బడి టీచర్, మహబూబాబాద్ జిల్లా

ఒక చిన్న విషయం చేర్చుతాను. మా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. వారికి తెలుగు పదం చదవడం వచ్చినా అర్థం తెలియకపోవడం వల్ల ఆగిపోయే సందర్భాలు ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు అందులో బంజారా, అంటే మా లంబాడీ కూడా ఉండేది. మీ జిల్లా కర్ణాటక సరిహద్దులో ఉంది కనుక, మీ దగ్గర కన్నడ గాని, మరొక భాష గాని మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఎవరైనా ఉన్నారేమో ముందు విచారించండి. ఉంటే, మొదటి కొన్ని వారాలు వారిని వారి భాషలోనే మాట్లాడనిచ్చి, వారు చెప్పిన పదాలనే తెలుగు లిపిలో రాసి చదివించండి. మా బడిలో నోరు విప్పని పిల్లలు ఈ పద్ధతి తరువాతనే మాట్లాడడం మొదలుపెట్టారు.

పాలమూరు టీచర్ తిరిగి రాసినది

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లు పిల్లలందరినీ ఒక్కొక్కరిగా చదివించి చూశాను. ఐదో తరగతిలోనూ పదం స్థాయి దాటనివారు ఉన్నారు, రెండో తరగతిలో ఒక పాప కథ చదివింది. జట్లు కట్టాను, గుడి పదాల కార్డులు రాయడం మొదలుపెట్టాను. మా ఊరిలో ఇద్దరు పిల్లల ఇంట్లో కన్నడమే మాట్లాడతారన్న సంగతి ఇప్పుడు అడిగితేనే తెలిసింది.

ఇంకొక్క సందేహం ఉంది. చూచిరాత తగ్గించడంతో నోటు పుస్తకాలు ఖాళీగా ఉంటున్నాయని, బడిలో ఆటలే ఆడిస్తున్నారని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. వారికి ఏమని చెప్పాలి? ఐదో తరగతి పిల్లలను రెండో తరగతి పిల్లలతో ఒకే జట్టులో కూర్చోబెట్టితే చిన్నబుచ్చుకోకుండా ఎలా చూడాలి?

జవాబు: తెలుగు చెప్పే టీచర్, ఖమ్మం జిల్లా

రెండో సందేహానికి ముందు జవాబిస్తాను. జట్లకు ఒకటి, రెండు అని అంకెలు పెట్టకండి. చింత, వేప, మర్రి అని పేర్లు పెట్టండి. ఐదో తరగతి పిల్లలకు వయసుకు తగిన పదాలతో వేరే కార్డులు రాయండి. ‘గిలక’ బదులు ‘కిసాన్’, ‘టికెట్’, ‘మిషన్’ వంటివి ఇస్తే అదే గుడిని చిన్నపిల్లల పాఠమన్న భావన లేకుండా నేర్చుకుంటారు. గంట ముగియగానే వారిని వారి తరగతిలోకే పంపండి, సామాన్య శాస్త్రపు ముచ్చట్లలో వారు తమ ఈడువారితోనే ఉండాలి.

తల్లిదండ్రులకు మీరు చెప్పడం కంటే పిల్లలు చూపించడం మేలు. వారానికి ఒక రోజు సాయంత్రం ప్రతి పిల్లవాడూ ఆ వారం తాను చదవగలిగిన కార్డును ఇంటికి తీసుకువెళ్ళి, ఇంట్లో ఎవరో ఒకరి ఎదుట చదవాలి. విన్నవారు కార్డు వెనుక సంతకం గాని, వేలిముద్ర గాని వేయాలి. నోటు పుస్తకంలో రోజుకు మూడు వాక్యాలు చాలు, అయితే అవి పిల్లవాడి సొంత వాక్యాలై ఉండాలి. పత్తి ఏరడానికి వెళ్ళే పిల్లల చేతికి వెళ్ళే ముందు రోజే పది కార్డులు ఇచ్చి పంపండి, వారితో పాటు అక్కో అన్నో ఎవరు వెళుతున్నారో కనుక్కుని ఆ పేరు కూడా రాసి ఉంచుకోండి.