ధరలు రోజుకు రెట్టింపయ్యే చోట జీతంతో ఇల్లు ఎలా నడుస్తుంది?

ప్రశ్న:
జింబాబ్వేలో 2008 నవంబరులో ధరలు 24.7 గంటలకోసారి రెట్టింపయ్యాయని ఆర్థికవేత్త స్టీవ్ హాంకీ లెక్కగట్టారు. నోట్ల కట్టల ఫొటోలు చాలానే చూశాను, అవి వద్దండి. జీతం పడ్డ రోజు ముందు చేయాల్సిన పనేంటి? పొదుపు దేంట్లో పెట్టాలి? నోటు మీద సున్నాలు తీసేసినా ధరలు ఎందుకు ఆగలేదు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

జవాబు 1:
అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది, అలాంటి చోట ఖాతాలో ఉన్న డబ్బు, చేతిలో ఉన్న నోటు ఒకటి కావు. రోజుకు ఇంతకు మించి తీయకూడదని బ్యాంకుకు పరిమితి ఉండేది. ఆ మొత్తం ఒక్కోసారి రానూపోనూ బస్సు ఛార్జీకే చాలేది కాదు. నోటుకు అంత కరువు కాబట్టి ఒకే సరుకుకు రెండు ధరలు: నగదుకు ఒకటి, ఖాతా నుంచి బదిలీ చేస్తే దానికి ఎన్నో రెట్లు. కొట్టువాడు అన్యాయం చేస్తున్నాడని కాదు. బదిలీ సొమ్ము అతనికి చేరడానికి రోజులు పడుతుంది. రోజుకు రెట్టింపు అనుకుంటే, పది రోజులు ఆలస్యమైన సొమ్ముకు వచ్చే సరుకు 1,024లో ఒక వంతే. ఆ నష్టాన్ని ముందే ధరలో కలిపేస్తాడు.

ఆ తేడా చివరిదాకా మిగిలింది. 2015లో పాత డబ్బును రద్దు చేసినప్పుడు, నగదుగా తెచ్చినవాళ్లకు కోటి కోట్ల జింబాబ్వే డాలర్ల నోటుకు (ఒకటి పక్కన 14 సున్నాలు) 40 అమెరికా సెంట్లు ఇచ్చారు. ఖాతాలో ఉన్నదానికైతే 350 కోటి కోట్లకు ఒక్క అమెరికా డాలరు. అంటే 140 రెట్ల తేడా! చిన్న ఖాతాలకు మాత్రం ఏకమొత్తంగా 5 అమెరికా డాలర్లు ఇచ్చారు.

కాబట్టి జీతం పడ్డ రోజే తీయగలిగినంత తీసి, ఆ పూటే సరుకుగా మార్చేయాలి. స్థానిక కరెన్సీలో వచ్చిన బిల్లులు ఆఖరి తేదీన కట్టాలి. మనకు రావాల్సింది మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా వేయనివ్వకూడదు.

జవాబు 2:
పొదుపు గురించి. పాడవకూడదు, చిన్న చిన్న వంతులుగా ఇవ్వగలగాలి, పక్కింటివాళ్లకూ అవసరమైనదై ఉండాలి. ఈ మూడూ కుదిరేవి సబ్బు, ఉప్పు, పంచదార. ఉప్పు, పంచదారలకు తేమే శత్రువు, గట్టి మూత డబ్బాలు కావాలి. నూనె సీలు తీయని సీసాల్లోనే ఉంచాలి. తీశాక కొన్నాళ్లకే వాసన మారుతుంది, అప్పుడు మారకానికి ఎవరూ తీసుకోరు. అక్కడి రోజువారీ తిండి సద్జా, మొక్కజొన్న పిండితో చేస్తారు. పిండి నిల్వపెడితే పురుగు పడుతుంది. ఎండిన గింజలు దాచుకుని, కావాల్సినంతే మర పట్టించుకోవడం మేలు.

పెట్రోలు కూపన్లు కూడా డబ్బులాగే చేతులు మారాయి. కూపన్ మీద ఉండేది లీటర్లు, ధర కాదు. అందుకే ధర ఎంత పెరిగినా అది కరగదు. గడువు తేదీ, బంకులో స్టాకు ఉందా లేదా చూసుకోకుండా తీసుకుంటే మాత్రం కాగితమే మిగులుతుంది.

అప్పు ఇస్తే సరుకులోనే ఇవ్వాలి: రెండు సీసాల నూనెకు రెండు సీసాల నూనె. నగదుగా ఇచ్చిన అప్పు తిరిగొచ్చేసరికి ఆవిరవుతుంది. పింఛన్లు, బీమా పాలసీలు అలాగే పోయాయి. జీవితమంతా జాగ్రత్తగా దాచుకున్నవాళ్లే అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నారు. ఇందులో నన్ను బాగా బాధించే విషయం అదే.

ప్రశ్న అడిగినవారు:
అయితే రోజూ ధర పెంచే కొట్టువాడు లాభపడ్డట్టేనా?

జవాబు 2:
లేదండీ. అతను చూడాల్సింది కొన్న ధర కాదు, రేపు అదే సబ్బు మళ్లీ కొనడానికి ఎంత కావాలన్నది. పదికి కొన్న సబ్బు ఇరవైకి అమ్మి, రేపు టోకున అదే సబ్బు ముప్పై అయితే, మూడు సబ్బులు అమ్మి రెండే తెచ్చుకోగలడు. పుస్తకంలో లాభం, అరలో నష్టం. 2007 జూన్‌లో ధరలు సగానికి తగ్గించమని ప్రభుత్వం ఆదేశిస్తే కొన్ని వారాల్లోనే దుకాణాలు ఖాళీ అయ్యాయి. మళ్లీ సరుకు తెచ్చుకునే దారి లేకుండా చేశారు.

జవాబు 3:
సున్నాల సంగతి: 2006 ఆగస్టులో 3, 2008 ఆగస్టులో 10, 2009 ఫిబ్రవరిలో 12. మొత్తం 25 సున్నాలు తీశారు. దానివల్ల కంప్యూటర్లలో, బిల్లు మెషీన్లలో అంకెలు పట్టాయంతే. ఖర్చుకు నోట్లు అచ్చువేయడం ఆగలేదు. పైగా పన్ను లెక్కగట్టిన రోజుకూ వసూలైన రోజుకూ మధ్య ఆ సొమ్ము విలువ కరిగిపోతుంది. ఆ లోటుకు మళ్లీ అచ్చువేయాలి.

2009లో విదేశీ కరెన్సీలతో లావాదేవీలకు అనుమతిచ్చాకే ధరల పరుగు ఆగింది, అమెరికా డాలర్ను అక్కడ అచ్చువేయలేరు గనక. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది, చిల్లర లేదు. నోట్లు వచ్చాయిగానీ సెంట్ల నాణేలు రాలేదు. కొట్లలో చిల్లరకు బదులు చాక్లెట్లు, పెన్నులు. కొంబీల్లో, అంటే అక్కడి మినీబస్సుల్లో, ఇద్దరు ప్రయాణికులకు చెరో అర డాలరు రావాల్సి ఉంటే కండక్టరు ఒకే డాలరు నోటు ఇద్దరికీ కలిపి ఇచ్చేవాడు. దిగాక వాళ్లిద్దరూ కలిసి ఏదో కొని విడదీసుకోవాలి. సెంట్లకు బదులుగా బాండ్ నాణేలు (అక్కడి రిజర్వు బ్యాంకు సొంతంగా వేసిన చిల్లర) 2014 డిసెంబరులో గానీ రాలేదు.