ఎస్‌ఈవో పోటీకి పుట్టించిన మాటా, జనం వెతికే మాటా?

కృష్ణాతీరం:
తెలుగు సైట్లవాళ్లకి ఎస్‌ఈవో (వెతికినప్పుడు పేజీ పైన కనబడేలా చేసే పని) ర్యాంకింగ్ పోటీ పెట్టాలనుకుంటున్నాం. గడువు రెండు నెలలు. మేమిచ్చిన మాట వెతికితే చివరి రోజు గూగుల్‌లో పైనున్న పేజీ గెలిచినట్టు. ఎక్కడా లేని మాట పుట్టించి ఇవ్వాలా, జనం వెతికేదే ఇవ్వాలా?

సర్వర్‌గది:
పుట్టించిన మాట వద్దండి. 2004లో ‘నైగ్రిట్యూడ్ అల్ట్రామరీన్’ అనే అర్థంలేని జంటపదంతో ఇంగ్లిష్‌లో పోటీ జరిగింది. జూన్ 7న ముందున్నవాళ్లకి ఐపాడ్, జులై 7న ముందున్నవాళ్లకి మానిటర్. రెండోది అనిల్ డాష్ గెలిచారు. తన బ్లాగులో టపా రాసి, దానికి లింకు ఇవ్వమని పాఠకుల్ని అడిగారు, అంతే. గెలిపించింది ఏళ్లుగా కూడిన పాఠకులు, పాత లింకులు. అవి లేనివాళ్లు లింకుల కోసం పరాయి గెస్ట్‌బుక్కుల (సైటుకొచ్చినవాళ్లు వ్యాఖ్యలు రాసే పేజీల) మీద పడ్డారు. ఆ చెత్త ఎత్తిపోసుకోవాల్సింది ఆ సైట్లవాళ్లే. 2005 జనవరిలో నోఫాలో (ఈ లింకుని ర్యాంకుకి లెక్కించొద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) వచ్చింది ఇలాంటి కామెంట్ స్పామ్ వల్లే.

పాలపిట్ట:
అది నిబంధనల లోపం, మాటది కాదు. ‘హైదరాబాద్ బిర్యానీ’ ఇచ్చారనుకోండి, పాత పెద్ద సైట్ల ముందు కొత్త పేజీ రెండు నెలల్లో కదలదు, ఏ మార్పు పనిచేసిందో తేలదు. ఫలితాలు సున్నా ఉన్న మాటైతే ఇండెక్స్ అయిన (గూగుల్ జాబితాకెక్కిన) రోజు నుంచీ అంతా కళ్లముందే ఉంటుంది. టైటిల్ మారిస్తే ఏమైంది, ఒకే పాఠం రెండు చిరునామాల్లో ఉంటే గూగుల్ దేన్ని ఉంచుకుంది, అన్నీ. 2005లో ఓ జర్మన్ కంప్యూటర్ పత్రిక లేని చేపకి ‘హొమ్మింగ్‌బెర్గర్ గెపార్డెన్‌ఫొరెల్లె’ అని పేరుపెట్టి పోటీ నడిపింది. మే 15న ఒకసారి, డిసెంబర్ 15న ఇంకోసారి చూశారు. నెలలో ఎగిరిన పేజీ నిలుస్తుందో లేదో రెండో తేదీ ఉంటేనే బయటపడుతుంది.

అచ్చుహల్లు:
ఏ మాటైనా రాత ముందు తేల్చండి. ‘హైదరాబాద్‌లో’ అన్నప్పుడు పొల్లు తర్వాత కంటికి కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే (అక్షరాలు కలిసి ఒత్తు పడకుండా ఆపే సంకేతం) ఉంటుంది. అది లేకపోతే ద కింద లావత్తు పడి ‘హైదరాబాద్లో’ అవుతుంది. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు వరసలు, ఫలితాలూ మారొచ్చు. అప్పుడు విజేత ఎవరు? మధ్యలో పొల్లు రాని మాట తీసుకోండి. యూఆర్‌ఎల్ సంగతీ చూడండి: ఒక్కో తెలుగు సంకేతానికి (అక్షరం ఒకటి, దాని గుణింతం గుర్తు ఇంకొకటి) మూడు బైట్లు, శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాలు. ‘గోదావరి’లో ఏడు సంకేతాలు, అంటే 63 అక్షరాలు. కాపీ చేసేటప్పుడు సగంలో తెగితే 404, అంటే పేజీ దొరకదు. ఇంగ్లిష్ అక్షరాల స్లగ్‌కి (యూఆర్‌ఎల్ చివర పేజీ పేరుకి) అనుమతివ్వండి.

సర్వర్‌గది:
రెండు తేదీలకి ఒప్పుకుంటా, కానీ పోటీ ప్రకటించాక కొన్న కొత్త డొమైనే (సైటు చిరునామా పేరే) ఉండాలి. ఒకప్పుడు ఎవరో వాడి వదిలేసింది మళ్లీ నమోదైతే హూయిజ్‌లో (డొమైన్ నమోదు వివరాలు చూపేది) తేదీ కొత్తగానే కనబడుతుంది, కాబట్టి పాత వెబ్‌పేజీల్ని దాచే వేబ్యాక్ మెషీన్‌లో కూడా వెతకాలి. ఫలితం చూసేటప్పుడు లాగిన్ లేకుండా, భాష, దేశం ఒకటే పెట్టి, ఒకే గంటలో మూడు ఊళ్ల నుంచి స్క్రీన్‌షాట్ తీయండి. రెండు ఊళ్లలో పైనుంటే గెలిచినట్టు.

పాలపిట్ట:
సరే. స్పామ్ లింకు ఒక్కటి దొరికినా ఆ పేజీని పోటీ నుంచి తీసేయాలి.

సర్వర్‌గది:
ఆ నిబంధన పెడితే, ముందున్నవాణ్ని తప్పించడానికి వెనకున్నవాడే వాడి పేజీకి స్పామ్ లింకులు పెడతాడు.