గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన రికార్డు లేని సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) కారు కొనొచ్చా?

బడ్జెట్ 7 లక్షలు, పెట్రోల్ ఆటోమేటిక్, సెకండ్ హ్యాండ్. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి, అంతా ఆగి ఆగి సాగే ట్రాఫిక్. నెలలో నాలుగు బండ్లు చూశాను.

మొదటిది ఏఎంటీ, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌నే తనంతట తను గేర్లు మార్చుకునేలా చేసింది. మా సెల్లార్ ర్యాంప్ మీద బ్రేక్ వదలగానే వెనక్కి జారింది, ఒకటి నుంచి రెండో గేర్‌కి మారుతుంటే తల ముందుకు ఊగింది. వద్దనుకున్నాను. తర్వాతది డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఆటోమేటిక్. తీసినప్పుడు బాగానే నడిచింది కానీ ఇరవై నిమిషాల ట్రాఫిక్ తర్వాత ఒకటో గేర్‌లో వణుకు మొదలైంది. సాయంత్రం ఏడింటికి నడిపాను కాబట్టి బయటపడింది, పొద్దున్నే చూసుంటే కొనేసేవాణ్ణే!

ఇక మిగిలినవి రెండు. 2017 హోండా సిటీ సీవీటీ, 58,000 కిలోమీటర్లు తిరిగింది. ఎక్కడా కుదుపు లేదు, మెకానిక్ స్కానర్ పెడితే లోపం చూపే కోడ్‌లేవీ రాలేదు. కానీ ఫైల్లో బిల్లులన్నీ తిరగేసినా గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన దాఖలా లేదు. "అది మార్చక్కర్లేదండీ" అంటున్నాడు ఓనర్. రెండోది 2019 సియాజ్, నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కి బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ శక్తిని అందించే పాత తరహా ఆటోమేటిక్), 74,000 కిలోమీటర్లు. ఆయిల్ మార్చిన బిల్లుంది, పికప్ మాత్రం కాస్త మందం.

ఆదివారం అడ్వాన్స్ ఇవ్వాలి. ఇంకో అయిదేళ్లు గేర్‌బాక్స్ విప్పకుండా నడవాలంటే, సిటీ తీసుకుని వెంటనే ఆయిల్ మార్పించడం మేలా, సియాజే మేలా?