అప్‌డేట్: లినక్స్ మింట్‌లో వైఫై సమస్య తీరింది, అడ్డుపడింది సెక్యూర్ బూట్

కొత్తగా లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించిన నా ల్యాప్‌టాప్‌లో వైఫై నెట్‌వర్కులేవీ కనిపించడం లేదని ఇంతకుముందు అడిగాను; సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్‌తో ఇంటర్నెట్ అందించి, డ్రైవర్ మేనేజర్ ద్వారా బీసీఎం43142 అనే వైఫై చిప్‌కు డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసినా ఫలితం లేకపోయింది. ఒకరు సూచించినట్లు టెర్మినల్‌లో ఆ డ్రైవర్‌ను లోడ్ చేసే ‘సుడో మాడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్’ ఆదేశం ఇచ్చినప్పుడు, కీ తిరస్కరణకు గురైందన్న సందేశం అసలు కారణాన్ని చూపింది: డ్రైవర్ ఉంది, కానీ దాని డిజిటల్ సంతకాన్ని గుర్తించని సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే రక్షణ) దాన్ని సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్‌లోకి రానివ్వడం లేదు. మోక్‌యుటిల్ అనే టూల్‌తో ఆ సంతకపు కీని నమ్మదగిన కీల జాబితాలో చేర్చడానికి పాస్‌వర్డ్ పెట్టి, రీస్టార్ట్ చేసినప్పుడు వచ్చే నీలి తెరపై ‘ఎన్‌రోల్ మోక్’ (కీని నమోదు చేయడం) ఎంచుకొని అదే పాస్‌వర్డ్ ఇచ్చాక వైఫై వచ్చింది. సెక్యూర్ బూట్‌ను ఆపేయవలసిన అవసరం రాలేదు. రక్షణ నిలిచే ఈ దారే మేలని నా అభిప్రాయం. ఆర్‌ఎఫ్‌కిల్ (వైర్‌లెస్‌ను ఆన్, ఆఫ్ చేసే సాధనం), రౌటర్ ఛానెల్, పవర్ సేవింగ్ సెట్టింగులకు దీనితో సంబంధం లేదు.