చివరి ఇళ్లలో హెచ్‌డీ చానళ్లు గళ్లుగళ్లు: బాక్సా, లైనా?

ప్రశ్న (హైదరాబాద్ అంబర్‌పేట కేబుల్ టీవీ ఆపరేటర్): నోడ్ (ఫైబర్ సిగ్నల్‌ని కేబుల్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) తర్వాత వరసగా 5 యాంప్లిఫయర్లున్న (సిగ్నల్ పెంచే పెట్టెలు) కోయాక్స్ లైన్, అంటే రాగి టీవీ కేబుల్. చివరి 20 ఇళ్లలో తెలుగు చానళ్లు బాగానే ఉన్నాయి, స్పోర్ట్స్ హెచ్‌డీ మాత్రం గళ్లు పడి ఆగిపోతోంది. సెట్‌టాప్ బాక్స్ మార్చినా అంతే. యాంప్లిఫయర్ల గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) పెంచితే ఇంకా పాడైంది. జనం డిష్‌కీ నెట్‌కీ పోతున్నారు.

జవాబు: బాక్సుల జోలికి పోకండన్నా. గెయిన్ మళ్లీ తగ్గించండి. ప్రతి యాంప్ కొంత నాయిస్ కలుపుతుంది, గెయిన్ పెంచితే సిగ్నల్‌తో పాటు అదీ పెరుగుతుంది, మోతాదు మించితే యాంప్ సిగ్నల్‌నే వంకర చేస్తుంది. మీటర్లో లెవల్ (సిగ్నల్ బలం) ఒక్కటే చూస్తే మోసపోతారు, ఎంఈఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలత) చూడండి. లెవల్ 62 డీబీ మైక్రోవోల్ట్ ఉన్నా ఎంఈఆర్ 24 డీబీకి పడితే బొమ్మ నిలవదు, 30 దాటాలి. 2013 డిజిటైజేషన్‌కి ముందు అనలాగ్‌లో ఇదే లైన్‌కి చుక్కలు పడేవి, జనం సర్దుకునేవారు. డిజిటల్‌లో అంచు దాటితే ఒక్కసారే పోతుంది.

కొన్ని చానళ్లే పోతున్నాయంటే అవి పై ఫ్రీక్వెన్సీలో ఉండొచ్చు. చివరి ఇంట్లో లెవల్‌ని 200 మెగాహెర్ట్జ్ దగ్గరొకసారి, 700 దగ్గరొకసారి కొలవండి. ఆర్‌జీ6 కేబుల్ 100 మీటర్లకు 700 దగ్గర సుమారు 18 డీబీ తినేస్తుంది, 200 దగ్గర దాదాపు సగమే. 200 దగ్గర 62, 700 దగ్గర 46 వస్తే యాంప్‌లో ఈక్వలైజర్ (ఈ తేడాని సరిచేసే ముక్క) మార్చాలి. రెండూ పడిపోతే తప్పు జాయింట్‌దో స్ప్లిటర్‌దో (లైన్‌ని చీల్చే ముక్క).

ఇంకో జవాబు: 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలిన దుర్ఘటన తర్వాత కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు కదా, మీ లైన్ కూడా అప్పుడు తెగి ఉంటే హడావుడిగా కలిపిన జాయింట్లే ముందు విప్పండి. కనెక్టర్‌లో పచ్చగా చిలుము కనిపిస్తే తుడిచి బిగించొద్దు. నీళ్లు కేబుల్ లోపలి తీగల అల్లిక వెంట పాకుతాయి, రాగి మెరిసేదాకా కోసి కొత్త కనెక్టర్ వేయండి.

అసలు దొంగ వేరే ఉండొచ్చు. కనెక్షన్ మానేసిన ఇళ్ల వైర్లు ట్యాప్‌కే (లైన్ నుంచి ఇళ్లకు వైర్లు తీసే పెట్టె) వేలాడుతున్నాయా? బయటి నాయిస్ అక్కడినుంచే దూరుతుంది. వెళ్లిపోయినవాళ్ల వైర్లు ఉన్నవాళ్ల బొమ్మ పాడుచేస్తాయి. పీకేసి, ప్రతి ఖాళీ పోర్టుకూ 75 ఓమ్ టెర్మినేటర్ (ఖాళీ పోర్టు మూసే మూత) బిగించండి.

ప్రశ్న: మొత్తం ఫైబర్ వేస్తే?

జవాబు: టీవీ ఒక్కదానికే అయితే గిట్టదు. 2019 ఫిబ్రవరి టారిఫ్‌లో ఆపరేటర్ తీసుకునే నెట్‌వర్క్ ఫీజు గరిష్ఠంగా నెలకు 130 రూపాయలు, జీఎస్టీతో 153.40 ఉండేది, అలాంటి ఫీజులో ఫైబర్ ఖర్చు ఎప్పటికి తేలాలి? నెట్ కూడా ఇస్తే వేయండి. ఒకే పోగులో టీవీ 1550 నానోమీటర్ల మీద, నెట్ 1490, 1310 మీద పోతాయి. టీవీ వైపు ఫైబర్ కనెక్టర్లన్నీ ఆకుపచ్చవే (మొన ఏటవాలుగా ఉండేవి) పెట్టండి. ఆకుపచ్చ సాకెట్‌లో నీలంది (మొన ఏటవాలు లేనిది) దూర్చితే పడుతుంది, కానీ మొనలు సరిగా ఆనక వెలుతురు వెనక్కి కొడుతుంది, మళ్లీ అవే గళ్లు.