ఆపరేటింగ్ సిస్టమ్‌లో దాగి ఉన్న యూనికోడ్ లైబ్రరీని మన యాప్ నేరుగా వాడుకోవచ్చా?

ప్రశ్న (నల్లగొండ నుంచి):
మా ఊరి గ్రంథాలయానికి పుస్తకాల పట్టిక యాప్ తయారు చేస్తున్నాను. ప్రచురణ స్థలాన్ని కొందరు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) ఉంచి ‘మహబూబ్‌నగర్’ అని, మరికొందరు అది లేకుండా ‘మహబూబ్నగర్’ అని టైపు చేయడం వల్ల ఒకటి వెతికితే రెండోది దొరకడం లేదు. ఇటువంటి పనులకే ఉద్దేశించిన ఐసీయూ (ఇంటర్నేషనల్ కాంపొనెంట్స్ ఫర్ యూనికోడ్) లైబ్రరీ మ్యాక్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ముందే ఉందని తెలిసింది. కానీ దాన్ని మన కోడ్ నుంచి పిలవడానికి కావలసిన హెడర్ ఫైళ్లు మాత్రం ఎక్కడా లేవు. ఉన్నదానికే లింక్ చేసుకుంటే యాప్ సైజు పెరగదు కదా, అలా చేయవచ్చా?

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి):
దయచేసి అలా చేయకండి. ఆ లైబ్రరీని సిస్టమ్ తన అవసరాల కోసం పెట్టుకుంది కాబట్టి, ఎప్పుడైనా మార్చుకునే స్వేచ్ఛను కూడా తన దగ్గరే ఉంచుకుంది. ఐసీయూలో మామూలుగా ప్రతి ఫంక్షన్ పేరు చివర వెర్షన్ అంకె చేరుతుంది. ఆండ్రాయిడ్ 7లో 56గా ఉన్న ఆ అంకె ఆండ్రాయిడ్ 8లో 58 అయింది. పాత పేరును పట్టుకుని వెతికే యాప్‌కు అక్కడ ఏమీ దొరకదు. పైగా ఆండ్రాయిడ్ 7 నుంచి ప్రైవేటు లైబ్రరీలను యాప్‌లు తెరవకుండా సిస్టమే అడ్డుకుంటోంది.

అయితే అదే 7లో జావా వైపు ‘ఆండ్రాయిడ్.ఐసీయూ’ ప్యాకేజీని అందరికీ తెరిచారు, ఆండ్రాయిడ్ 12లో కొన్ని సీ ఫంక్షన్లను కూడా ఇచ్చారు. విండోస్ 10లో 2017 నాటి 1703 వెర్షన్ నుంచి ఐసీయూను బాహాటంగానే వాడుకోవచ్చు. 1903 నుంచి అది ‘ఐసీయూ.డీఎల్ఎల్’ అనే ఒకే ఫైలు. మ్యాక్‌లో ‘లిబ్‌ఐసీయూకోర్’ అనే అక్కడి ఐసీయూ జోలికి పోకుండా, యాపిల్ లైబ్రరీ అయిన ఫౌండేషన్ ఇచ్చే పోలిక ఫంక్షన్లను వాడండి.

మీ అసలు సమస్యకు కొలేటర్ (పదాలను పోల్చి వరుసలో పెట్టే ఐసీయూ భాగం) సరిపోతుంది. పోల్చేటప్పుడు అది జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను లెక్కలోకి తీసుకోదు కనుక మా ఊరి పేరు రెండు రూపాల్లోనూ ఒకటిగానే తేలుతుంది.

జవాబు 2 (సూర్యాపేట నుంచి):
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయాలి. కొలేటర్ ఇచ్చే సార్ట్ కీలను (పోల్చడానికి వీలుగా పేరు నుంచి తయారయ్యే సంకేతాలను) డేటాబేస్‌లో భద్రపరిస్తే, సిస్టమ్ అప్‌డేట్‌తో ఐసీయూ మారినప్పుడు పాత కీలకూ కొత్త కీలకూ పొంతన కుదరక, ఉన్న పుస్తకమే లేనట్టు కనిపించవచ్చు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ అందుకే కొలేషన్ (పోల్చి వరుసపెట్టే నియమాల) వెర్షన్‌ను నమోదు చేసుకుని, తేడా వస్తే హెచ్చరిస్తుంది. మీరూ ఆ వెర్షన్‌ను దాచుకుని, మారినప్పుడల్లా ఇండెక్స్‌ను మళ్లీ కట్టండి. అన్ని పరికరాల్లోనూ ఒకే వరుస తప్పనిసరి అయితే సొంత ఐసీయూను యాప్‌తోనే పంపడం మేలు. డేటా మొత్తం దాదాపు 30 ఎంబీ ఉంటుంది కానీ, తెలుగుకు కావలసినంత వరకే ఉంచుకుని తగ్గించుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పుస్తకం వెన్నుపై అతికించే చీటీలో పేరును కత్తిరించేటప్పుడు అక్షరాలను కూడా దీనితోనే లెక్కించవచ్చా?

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి):
లెక్కించవచ్చు, ఐసీయూలో పాఠాన్ని అక్షరాలుగా విడదీసే బ్రేక్ ఇటరేటర్ చేసే పని అదే. ‘నల్లగొండ’లో కోడ్ పాయింట్లు (యూనికోడ్ విడివిడిగా సంఖ్య ఇచ్చిన గుర్తులు) 8, భద్రపరిచే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో బైట్లు 24, మన కంటికి కనిపించే అక్షరాలు 4. అయితే 2023లో యూనికోడ్ 15.1 రాకముందు ప్రామాణిక నియమం ‘ల్ల’ను రెండుగా విడదీసి 5 అని చెప్పేది, 15.1 నుంచి ఉన్న నియమం ప్రకారం 4. పాత ఫోన్లలో తేడా రావచ్చు కనుక, కోసిన ముక్క చివర పొల్లు మిగిలి, తర్వాతి ముక్క హల్లుతో మొదలైతే ఆ రెంటినీ మీ కోడ్‌లోనే కలిపేయండి.