హర్డీ-గర్డీ: మెటల్ బ్యాండ్లలో వాద్యమా, వేషమా?

తీగలమోత:
నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్విస్ మెటల్ (హోరెత్తించే రాక్) బ్యాండ్ ఎలువేటీ పాటలు వరసపెట్టి విన్నాను. వీడియోల్లో కెమెరా హర్డీ-గర్డీని, అదే చక్రం తిప్పి వాయించే ఆ పాత యూరప్ తీగవాద్యాన్ని, వదలదు. చెవికి మాత్రం గిటార్ల అడుగున ఏదో జుంయ్‌మనే మోత తప్ప ఏం దొరకదు. ఆ మాత్రం దానికి కీబోర్డు చాలదా? పాత లాంతరు కొనుక్కొచ్చి లోపల ఎల్‌ఈడీ బల్బు పెట్టినట్టుంది.

జీవాళి:
మోతే లెక్కయితే తంబురా కూడా దండగే కదన్నా! ఇది అసలు ఎలా పలుకుతుందో చూడు. కుడిచేత్తో హ్యాండిల్ తిప్పితే రోజిన్ (కమానుకి రాసే జిగురు) పూసిన చెక్క చక్రం వయొలిన్ కమానులా తీగల్ని రాస్తుంది. ఎడమచేత్తో మీటలు నొక్కితే స్వరాలు. చిన్నప్పటి బుల్‌బుల్ తరంగ్ గుర్తుందా, ఆ మీటల తంతే. 1994లో లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ పేజ్, ప్లాంట్ కలిసి చేసిన ‘నో క్వార్టర్’ ఆల్బమ్ విను, అందులో హర్డీ-గర్డీ వాయించింది నైజెల్ ఈటన్. గిటార్ల హోరు తగ్గిన చోట ఎంత నిండుగా ఉంటుందో తెలుస్తుంది.

తీగలమోత:
అంటే హోరు ఉంటే వినపడదని నువ్వే ఒప్పుకున్నావు. 😀 ఇంకోటి, స్కాట్లండ్ గాయకుడు డోనవన్ 1968 పాట పేరులోనే హర్డీ-గర్డీ ఉంది, రికార్డులో లేదు. అందులో గుంయ్‌మనేది మన తంబురా! పేరుకున్న మోజు వాద్యానికి లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

గుర్రంమీదకుక్క:
మ్యూనిక్ నుంచి. ఒకటి అద్దెకి తెచ్చుకుని మూడు నెలలుగా ఇరుగుపొరుగుని హింసిస్తున్నాను. వీణకి గుర్రం ఉన్నట్టు దీనికి ‘కుక్క’ ఉంటుంది, ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు. ఓ శ్రుతి తీగ కింద చిన్న బ్రిడ్జి, దాని ఒక కాలు చెక్కకి ఆనీ ఆననట్టుంటుంది. తిప్పుతూ తిప్పుతూ మణికట్టు విదిలిస్తే ఆ కాలు చెక్కని కొట్టుకుని జ్ర్... జ్ర్ అని తాళం వేస్తుంది. తీగలు చక్రానికి తగిలేచోట దూది చుట్టాలి. ఎక్కువైతే గొంతు పూడుకుపోతుంది, తక్కువైతే కీచుమంటుంది. తంబురాకి జీవాళి దారం సర్దినవాళ్లకి ఈ బాధ తెలుసు.
మెటల్‌లో పోయేది ఆ జ్ర్ శబ్దమే. డబుల్ బాస్ డ్రమ్ (రెండు కాళ్లతో కొట్టే పెద్ద డ్రమ్ము) సరిగ్గా అదే తాళం మీద కూర్చుంటుంది. మిగిలేది మోత. కాబట్టి తీగలమోతగారు సగం రైటు, కానీ తప్పు మిక్సింగ్ చేసినవాళ్లది.

తీగలమోత:
మిక్సింగ్‌లో చచ్చిపోతుందని తెలిసీ స్టేజి మీదకి తెస్తే దాన్నే వేషం అంటారండీ.

జీవాళి:
సరే, బ్యాండ్లు వదిలెయ్. ‘బ్లాక్ సెయిల్స్’ సీరియల్ (2014) టైటిల్ సంగీతం బేర్ మెక్‌క్రియరీది, అందులో హర్డీ-గర్డీ ఉంది. ఫోన్ స్పీకర్లోనే విను.

తీగలమోత:
విన్నాను. రెండుసార్లు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి ‘ఎవరి సన్నాయిరా అది’ అంది. ఎలువేటీ మీద మాత్రం నా మాట మాటే.